లోపలి జత విప్పొద్దు

(డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ట్రెక్‌కు వెళ్తున్నవాళ్ల కోసం హన్మకొండలో ఒక ఆదివారం పొద్దున చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాశాం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కూడా అలాగే ఉంచాం.)

మైకు వినిపిస్తుందా? వెనక వరుసకు? సరే. ముందు ఒక మాట, ఆ మూలన ఉన్న బకెట్‌ను ఎవరూ తన్నకండి, అందులో ఐసు ఉంది. పొద్దున్నే సోడా బండి అతన్ని బతిమాలి తెచ్చాను. ఎందుకో చివర్లో చెప్తా.

పోయిన వారమంతా మీ వాట్సాప్ గ్రూపులో నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "మేడం, అన్నిటికంటే మందంగా ఉండే గ్లౌజులు ఏవి, లింకు పెట్టండి." నేను పెట్టలేదు. కొందరికి కోపం కూడా వచ్చినట్టుంది. లింకు పెట్టడం రెండు నిమిషాల పని, కానీ నా మొదటి ట్రిప్‌లో నేను కూడా సరిగ్గా అదే వెతికాను, అన్నిటికంటే మందమైనవి, ఆ కథ వింటే మీకే తెలుస్తుంది.

నేను బ్యాంకులో పనిచేస్తాను, కొండలెక్కడం మొదలుపెట్టింది నలభై దాటాక. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు ఇక్కడే చౌరస్తా దగ్గర ఒక షాపులో నల్లటి గ్లౌజులు కొన్నాను, బైకు మీద వెళ్లేవాళ్లు వేసుకునే రకం, లోపల ఇంత స్పాంజి. మా అమ్మ వాటిని నొక్కి చూసి, "మంచిగున్నయ్ బిడ్డా, సలికి మందం ఉండాలె, పల్చగుంటే ఏం ఆగుతది" అంది. నాకూ అలాగే అనిపించింది. ఢిల్లీలో దిగి డెహ్రాడూన్, అక్కడి నుంచి ట్రెక్ మొదలయ్యే సాంక్రి ఊరికి సుమారు 200 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మొదటి రెండు రోజులు ఆ గ్లౌజులు బ్రహ్మాండంగా పనిచేశాయి. పనిచేశాయి అంటే, చెమటలు పట్టాయి. ఎక్కేటప్పుడు ఒళ్లు వేడెక్కుతుంది కదా, చేతులు తడిసిపోయాయి, నేను దాన్ని "ఎంత వెచ్చగా ఉందో" అనుకున్నాను.

మూడో రోజు శిఖరానికి తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరాం. కొంతదూరం వెళ్లాక నా మైక్రోస్పైక్స్, అంటే మంచు మీద జారకుండా బూటుకు తొడిగే ఇనుప ముళ్లు, వాటి రబ్బరు జారిపోయింది. ఆ మందం గ్లౌజులతో రబ్బరు పట్టుకోవడం నా వల్ల కాలేదు, ఉప్మా గరిటెతో సూదిలో దారం ఎక్కించినట్టుంది. విప్పేశాను. విప్పేటప్పుడు చెమట చేతికి లోపలి గుడ్డ అతుక్కుని, వేళ్ల లోపలి అస్తరు మొత్తం తిరగబడి బయటికి వచ్చేసింది. రబ్బరు సరిచేసి మళ్లీ చెయ్యి పెడితే వేళ్లు సగం దాకానే వెళ్తున్నాయి, అస్తరు లోపల ఉండలు కట్టింది. చీకటి, గాలి, వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు. పది నిమిషాలు అనుకుంటా, వట్టి చేతులతో ఆ గ్లౌజు లోపల వేలితో పొడుస్తూ కూర్చున్నాను. చేతులు కొంకర్లు పోయాయి. ఎవరో టీ ఇస్తే గ్లాసు చేతిలోంచి జారిపోయింది, జారినట్టు కూడా నాకు తెలియలేదు, చప్పుడు విని కిందికి చూశాను.

మా గైడు కుర్రాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, ఏమీ మాట్లాడకుండా తన బ్యాగులోంచి ఉన్ని సాక్సులు తీసి నా చేతులకు తొడిగి, వాటిని నా జాకెట్ లోపల చంకల్లోకి దూర్చి అలాగే కూర్చోమన్నాడు. శిఖరం దాకా ఆ సాక్సులతోనే వెళ్లాను. నా ఫోటోలన్నిట్లో చేతులు తోలుబొమ్మల్లా ఉంటాయి. (నవ్వులు)

చాలా రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ శిఖరం ఎక్కిన మోరిస్ ఎర్జోగ్ గురించి చదివాను. 1950 జూన్ 3న, ఫ్రెంచ్ జట్టు, 8,091 మీటర్లు, ఎనిమిది వేల మీటర్ల శిఖరం మీద మనిషి కాలు పెట్టడం అదే మొదటిసారి. దిగేటప్పుడు బ్యాగు తెరవడానికి ఆయన గ్లౌజులు తీసి పక్కన పెట్టారు. అవి జారి కిందికి దొర్లిపోయాయి. ఆయన బ్యాగులో అదనపు సాక్సులు ఉన్నాయి, వాటిని చేతులకు వేసుకోవచ్చనే ఆలోచనే ఆ ఎత్తులో ఆయనకు రాలేదు. చేతివేళ్లు, కాలివేళ్లు దాదాపు అన్నీ పోయాయి. అంత పెద్ద కొండ ఎక్కినాయనకు తట్టనిది తట్టిన మా గైడు కుర్రాడిని తలుచుకుని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఈ రెండు కథల్లోనూ గ్లౌజులు పల్చగా ఉండడం సమస్య కాదు. చెయ్యి బయటికి తీయాల్సి రావడం సమస్య. అందుకే నేను లేయర్ల గురించి, అంటే ఒకదాని మీద ఒకటి వేసుకునే మూడు పొరల గ్లౌజుల గురించి మాట్లాడతాను. చాలామంది లేయర్లంటే ఒకదాని మీద ఒకటి వేస్తే వెచ్చదనం పెరుగుతుంది అనుకుంటారు, పెరుగుతుంది, అది నిజమే. నాకు మాత్రం అసలు లాభం వేరే చోట కనపడింది: పైవి రెండూ విప్పినా లోపలిది చేతికే ఉంటుంది. జిప్పు లాగినా, ఫోను తీసినా, లేసు కట్టినా చర్మం గాలికి తగలదు.

ఇప్పుడు చేతులే ఎందుకు ముందు చల్లబడతాయో చెప్తాను. మన దగ్గర చెరువు కింద వ్యవసాయం చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. చెరువులో నీళ్లు తగ్గితే ఏం చేస్తారు? తూము దగ్గరి మడులకు ముందు పారిస్తారు, చివరి ఆయకట్టు ఎండుతుంది. ఒళ్లు కూడా అంతే. చలి పెరిగితే గుండె, మెదడు, కడుపులో ఉన్న అవయవాలు వీటిని కాపాడుకోవడానికి చేతులకు, పాదాలకు వెళ్లే సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. వేళ్లు చివరి ఆయకట్టు. పైగా వేలు సన్నగా పొడుగ్గా ఉంటుంది, దాని సైజుకు చర్మం ఎక్కువ, అంటే వేడి పోయే దారులు ఎక్కువ. అందుకే చేతులు చల్లబడ్డాయంటే ముందు జాకెట్ వేసుకోండి, టోపీ పెట్టుకోండి, బెల్లం పల్లీపట్టీ ఏదైనా తినండి. చెరువు నిండితే చివరి మడికి నీళ్లు అవే వస్తాయి. ఒంటి మీద పల్చటి టీషర్టుతో నిలబడి గ్లౌజు బాగాలేదని తిట్టుకునేవాళ్లను నేను చూశాను.

అదే లెక్కలో, గ్లౌజు బిగుతుగా ఉంటే కాలువకు అడ్డంగా మట్టి పోసినట్టే. ఎంత ఖరీదైనదైనా సరే. మూడు పొరలు కొన్నామని సంబరపడి మూడూ ఒకే సైజు కొంటారు, ఒకదాని మీద ఒకటి ఎక్కించేసరికి వేళ్లు ఊదా రంగుకు తిరుగుతాయి. బయటిది ఒక సైజు పెద్దది తీసుకోండి. కొనేటప్పుడు విడివిడిగా వేసి చూడడం కాదు, లోపలివి వేసుకుని షాపుకు వెళ్లండి.

ఇక పొరలు. చేతికి అంటుకుని ఉండేది లైనరు. పల్చగా ఉండాలి, మెరీనో ఉన్ని గానీ పాలిస్టరు గానీ. ఇక్కడే మన వరంగల్ వాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. మనది పత్తి ఊరు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వస్తుంటే చూస్తూ పెరిగాం, తెల్ల బంగారం అంటాం, నూలు బట్టంటే మనకు నమ్మకం. ఎండాకాలంలో నూలు చెమట పీల్చుకుని తడిగా ఉండి ఒంటికి చల్లగా తగులుతుంది, అందుకే మనకు ఇష్టం. ఆ గుణమే మంచులో మన కొంప ముంచుతుంది. తడి గుడ్డలోంచి వేడి దారుణంగా పోతుంది, నీళ్లు వేడిని గాలి కంటే పాతిక రెట్ల వేగంగా లాగేస్తాయి. ట్రాఫిక్ పోలీసులు వేసుకునే తెల్ల నూలు గ్లౌజులు లైనర్లుగా పనికొస్తాయా అని ఒకరు అడిగారు, రావు. పాలిస్టరు పోగు తన బరువులో ఒక్క శాతం కూడా నీరు తాగదు, అందుకే తొందరగా ఆరుతుంది. ఉన్ని పోగు తన బరువులో మూడో వంతు దాకా తేమ తాగినా చేతికి తడిగా తగలదు, కాకపోతే ఆరడానికి టైం పడుతుంది, వేలి చివర్లు తొందరగా చిల్లులు పడతాయి. నేను పాలిస్టరువి రెండు జతలు, ఉన్నివి ఒక జత తీసుకెళ్తాను. లైనర్లు తేలిక, చవక, వాటిలో పిసినారితనం చేయకండి.

నడి పొర ఫ్లీసు, అంటే మెత్తగా నూగుగా ఉండే పాలిస్టరు గుడ్డ. లేదంటే మందంగా అల్లిన ఉన్ని. ఇది గాలిని పట్టి ఉంచుతుంది, వెచ్చదనం అంతా ఆ నిలిచిన గాలిదే. గాలి వీస్తే మాత్రం ఆ నిలిచిన గాలి కొట్టుకుపోతుంది, ఫ్లీసు వేసుకుని బైకు తోలినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

దీని గురించి ఒక చిన్న కథ. మొదటి ట్రిప్ తర్వాత నాకు పట్టుదల వచ్చింది, ఈసారి అన్నీ ఇక్కడే పరీక్షించుకుని వెళ్లాలని. వరంగల్‌లో చలి ఎక్కడ దొరుకుతుంది? మా మామయ్య ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. లోపల నాలుగైదు డిగ్రీలు ఉంటుంది. ఎడమ చేతికి ఆ పాత స్పాంజి గ్లౌజు, కుడి చేతికి లైనరు, దాని మీద ఫ్లీసు వేసుకుని, రెండు చేతులతో రెండు ఇనుప రాడ్లు పట్టుకుని మిర్చి బస్తాల మధ్య నలభై నిమిషాలు నిలబడ్డాను. మామయ్య బయటి నుంచి మూడుసార్లు తొంగిచూసి వెళ్లిపోయాడు. పావుగంటకే ఎడమ చేతికి రాడ్డు చల్లదనం తెలిసింది. స్పాంజి నొక్కుకుపోయింది కదా, పట్టుకున్నచోట దాని మందం ఏమీ మిగల్లేదు. కుడి చెయ్యి ఇంకాసేపు ఆగింది. అక్కడ హమాలీలు మాత్రం వట్టి చేతులతో బస్తాలు మోస్తున్నారు, వాళ్లను అడిగితే ఒకాయన తన చెయ్యి నా చెంప మీద పెట్టాడు, వేడిగా ఉంది! మోసేవాడికి గ్లౌజు అక్కర్లేదు, నిలబడ్డ నాకు రెండు పొరలు కావాల్సి వచ్చాయి. కొండ మీద కూడా ఇంతే, ఎక్కుతున్నప్పుడు పై పొర తీసేయాలి, చెమట పట్టకముందే తీసేయాలి, ఆగిన మరుక్షణం చేతులు ఇంకా వెచ్చగా ఉండగానే వేసుకోవాలి. చల్లబడ్డాక వేసుకుంటే గ్లౌజు ఏం చేస్తుంది పాపం, దానికి సొంత వేడి లేదు.

ఆ పరీక్షలో ఒక తప్పు చేశాను. కోల్డ్ స్టోరేజీలో గాలి లేదు. ఫ్లీసు చాలు అనుకున్నాను. ఇంకో తప్పు, బయటికి వచ్చి ఆ గ్లౌజుతోనే కళ్లు తుడుచుకున్నాను. (నవ్వులు) మిర్చి ఘాటు సాయంత్రం దాకా వదల్లేదు.

గాలి ఎంత తేడా చేస్తుందో అంకెల్లో చెప్తాను. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 270 మీటర్లు, కేదార్‌కంఠ సుమారు 3,800 మీటర్లు. ఎత్తు వల్లనే ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీల తేడా. ఇక్కడ పొద్దున 14 ఉంటే అక్కడ మైనస్ 8, 9. పైగా అది మనకంటే చాలా ఉత్తరాన ఉంది, ఇంకా తగ్గించుకోండి. మైనస్ 10 అనుకుందాం. దాని మీద గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే వట్టి చర్మానికి అది దాదాపు మైనస్ 20 లాగా తగులుతుంది. కాబట్టి మూడో పొర, పై తొడుగు, షెల్ అంటారు, దాని పని గాలిని, నీటిని ఆపడం. దానికి సొంతంగా మందం లేకపోయినా పర్వాలేదు.

షెల్‌లో గోర్‌టెక్స్ లాంటి పొర ఉంటుంది, బాబ్ గోర్ 1969లో కనిపెట్టింది, సన్నటి రంధ్రాల పొర, చెమట ఆవిరి బయటికి పోతుంది, నీటి చుక్క లోపలికి రాదు. వినడానికి బాగుంటుంది. పై గుడ్డ తడిసి నీళ్లు పట్టేస్తే ఆవిరి బయటికి పోదు, అప్పుడు లోపల చెమట, బయట నీళ్లు. అందుకే పైన నీళ్లు జారిపోయే పూత ఉండాలి, అరచేతి వైపు మేక తోలు ఉంటే ఇంకా మంచిది, తోలుకు మైనం రాయాలి. ట్రిప్‌కు రెండ్రోజుల ముందు ఎండలో కాసేపు పెట్టి గుడ్డతో మైనం రుద్దండి, కుట్ల దగ్గర బాగా రుద్దండి, నీళ్లు వచ్చేది అక్కడి నుంచే.

మరి మిట్టెన్లు. బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగు వేళ్లకు కలిపి ఒకే గది. చలికాలం నలుగురు పిల్లలు ఒకే దుప్పట్లో పడుకుంటే ఎలా ఉంటుందో అలా, ఒకరి వేడి ఇంకొకరికి. అంతే మందం ఉన్న ఐదు వేళ్ల గ్లౌజు కంటే మిట్టెన్ వెచ్చగా ఉంటుంది. కానీ దానితో ఏ పనీ చేయలేం, ముక్కు కూడా తుడుచుకోలేం. కేదార్‌కంఠకు నా సలహా: లైనరు, ఫ్లీసు ఐదు వేళ్లవి, షెల్ మాత్రం మిట్టెన్. పని వస్తే మిట్టెన్ తీసి దాని తాడుతో మణికట్టుకు వేలాడేస్తారు, కింద లైనరు, ఫ్లీసు ఉంటాయి, అయిపోతే మళ్లీ దూరుస్తారు. తాడు లేని షెల్ కొనకండి. లేకపోతే బూటు లేసు కట్టుకోండి, చిన్నపిల్లల మంకీ క్యాప్‌కు తాడు కట్టినట్టు. గాలికి ఎగిరిపోయిన గ్లౌజు వెనక పరిగెత్తి మనిషి జారిన సంగతులు ఉన్నాయి.

విప్పిన దాన్ని మంచు మీద పెట్టొద్దు. జాకెట్ లోపల, పొట్ట దగ్గర.

కొనేటప్పుడు షాపులో నేను చేసే పనులు చెప్తాను, షాపతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తాడు, మీరూ సిద్ధపడండి. గ్లౌజు వేసుకుని పిడికిలి బిగిస్తాను, వేళ్ల కణుపుల మీద లాగకూడదు. వేలి చివర కొంచెం సందు ఉండాలి, వేలు గుడ్డకు తగులుతుంటే అక్కడే ముందు చల్లబడుతుంది. ఒక రూపాయి బిళ్ల కౌంటర్ మీది నుంచి తీయడానికి చూస్తాను, లైనరుతో తీయగలగాలి, ఫ్లీసుతో కష్టంగానైనా రావాలి, మిట్టెన్‌తో రాకపోయినా సరే. తర్వాత వేళ్లను కొంచెం తడిచేసుకుని లోపల పెట్టి గట్టిగా బయటికి లాగుతాను. అస్తరు వేళ్లతోపాటు తిరగబడి వచ్చిందంటే ఆ గ్లౌజు ఉచితంగా ఇచ్చినా వద్దు. అస్తరు విడిగా మొత్తం బయటికి తీసేలా ఉంటే చాలా మంచిది, రాత్రి ఆరుతుంది. చివరికి జాకెట్ వేసుకుని చేతులు పైకెత్తుతాను, మణికట్టు దగ్గర చర్మం కనపడితే మంచు అక్కడికే వస్తుంది.

కొన్నిటి మీద ఈఎన్ 511 అని లేబుల్ ఉంటుంది, చలి గ్లౌజులకు యూరప్ వాళ్ల ప్రమాణం అది, మంచు రేకు బొమ్మ, దాని కింద మూడు అంకెలు. మొదటిది చల్లగాలికి ఎంత ఆగుతుంది, 0 నుంచి 4. రెండోది చల్లటి వస్తువు పట్టుకుంటే ఎంత ఆగుతుంది, అదీ 0 నుంచి 4. నా రాడ్డు పరీక్ష గుర్తుందా, అదే ఇది, వాళ్లు ల్యాబులో చేస్తారు, నేను మిర్చి బస్తాల మధ్య చేశాను. మూడోది నీళ్లు ఆపుతుందా, 0 లేదా 1. ట్రెక్కింగ్ గ్లౌజులన్నిటి మీదా ఇది ఉండదు, ఫ్యాక్టరీలకు అమ్మే వాటి మీద ఎక్కువ. ఉంటే చదవండి. "మైనస్ 20 దాకా" అని మామూలుగా రాసి ఉంటే దాన్ని నేను పెద్దగా పట్టించుకోను. ఎవరి చేతికి, నడుస్తుంటేనా నిలబడితేనా, గాలిలోనా, అవేవీ చెప్పదు కదా.

డబ్బుల సంగతి. షెల్ మిట్టెన్ ఖరీదు, సాంక్రిలో అద్దెకు దొరుకుతాయి. అద్దెవి తీసుకోండి, తప్పులేదు, తాడు ఉందా, అస్తరు తిరగబడుతుందా ఈ రెండూ చూసుకోండి. లైనర్లు, ఫ్లీసు మాత్రం సొంతవి, ఇంకొకరి చెమట మీకెందుకు.

(ప్రశ్న: మేడం, రాక్ క్లైంబింగ్‌కు కూడా ఇవేనా?)

కాదు. నువ్వు భువనగిరిలో ఎక్కుతావా? అక్కడ వట్టి చేతులే, చాక్ పౌడర్ రాసుకుని. ఎండాకాలం ఆ రాయి అరచేతులు కాలుస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం నుంచి ఆనంద్ కుమార్, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినవాళ్లు, ఆ భువనగిరి రాయి మీదే మొదలుపెట్టారు. ఆ రోజుకు పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. చలి నేర్పడానికి మాత్రం మన రాళ్లు చాలవు కాబట్టి వాళ్లను తర్వాత డార్జిలింగ్, లడాఖ్ తీసుకెళ్లారు.

మంచు గోడ ఎక్కడం పూర్తిగా వేరే లోకం. ఐస్ యాక్స్, అంటే మంచు గొడ్డలి, పట్టుకుని చేతులు తల పైన ఉంటాయి, రక్తం కిందికి దిగిపోతుంది, పైగా పిడికిలి బిగించి ఉంటాం, ఇనుము చేతిలో ఉంటుంది. అన్నీ కలిసి వేళ్లు మొద్దుబారతాయి. అక్కడ మిట్టెన్ కుదరదు, పల్చటి, పట్టు ఉన్న ఐదు వేళ్ల గ్లౌజుతో ఎక్కి, ఆగినచోట జాకెట్ లోంచి మందమైనవి తీసి వేసుకుంటారు. ఒక్క రోజుకు మూడు జతలు మార్చేవాళ్లు ఉన్నారు. చేతులు కిందికి దించి రక్తం మళ్లీ వచ్చేటప్పుడు నొప్పి ఉంటుంది చూడండి, కేకలు, వాంతి రెండూ ఒకేసారి వస్తాయి. ఇంగ్లీషులో దానికి స్క్రీమింగ్ బార్ఫీస్ అని పేరే ఉంది. నేను మంచు మీద ట్రైనింగ్‌కు వెళ్లినప్పుడు ఒక్కసారి వచ్చింది, గోడకు తల ఆనించి ఏడ్చాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను. మధ్య మధ్యలో ఒక్కో చెయ్యి దించి విదిలించడం, పట్టు కొంచెం వదులు చేయడం, ఇవి గ్లౌజు కంటే ఎక్కువ పనిచేశాయి.

తాడు మీద దిగేటప్పుడు ఫ్లీసు వేసుకోవద్దు. జారుతుంది, రాపిడి వేడికి కరుగుతుంది. తోలు అరచెయ్యి ఉన్నదే.

(ప్రశ్న: వేడి ప్యాకెట్లు వస్తాయి కదా, చేతిలో పెట్టుకునేవి?)

వస్తాయి. లోపల ఇనుప పొడి ఉంటుంది, గాలి తగిలితే తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. కాబట్టి దానికి గాలి కావాలి. బిగుతు గ్లౌజులో దూర్చి మూసేస్తే సరిగ్గా వేడెక్కదు, ఎత్తుకు వెళ్లే కొద్దీ ఆక్సిజన్ తక్కువ, ఇంకా నీరసిస్తుంది. బయల్దేరేముందు జేబులో పెట్టి వేడెక్కనిచ్చి అప్పుడు మిట్టెన్‌లో వేసుకోండి. చర్మానికి నేరుగా పెట్టొద్దు, మొద్దుబారిన చేతికి కాలినా తెలియదు. రెండు ప్యాకెట్లు ఎమర్జెన్సీకి ఉంచుకోండి, వాటిమీదే ఆధారపడితే నాకు నచ్చదు.

(ప్రశ్న: మా అమ్మమ్మ ఉన్నితో అల్లుతుంది, అవి వేసుకోవచ్చా?)

వేసుకోవచ్చు, మంచి నడి పొర అవుతుంది! నిజమైన ఉన్నియేనా, అక్రిలిక్కా కనుక్కో, బజార్లో ఉన్ని దారం పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు అక్రిలిక్కే. అదైనా పర్వాలేదు, పైన షెల్ ఉండాలి అంతే. మణికట్టు దాటి నాలుగు వేళ్లు పొడుగు అల్లమని చెప్పు. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి, అక్కడ కప్పితే తేడా తెలుస్తుంది.

ఇంకో విషయం మర్చిపోకముందే. రాత్రి ఆరబెట్టడం. క్యాంపులో మంట దగ్గర గ్లౌజులు పెట్టినవాళ్లను చూశాను, పాలిస్టరు కరిగి గట్టిపడుతుంది, తోలు పగులుతుంది. తడి లైనర్లను ఒంటి మీద, చొక్కా లోపల పెట్టుకోండి, స్లీపింగ్ బ్యాగులో పొట్ట మీద. చిరాగ్గానే ఉంటుంది. పొద్దున 3 గంటలకు పొడి లైనరులో చెయ్యి పెట్టినప్పుడు ఆ చిరాకు గుర్తుకు రాదు.

ఇప్పుడు కాస్త సీరియస్ సంగతి. వేళ్లు నొప్పి పెడుతున్నంతసేపు పర్వాలేదు, ఒళ్లు మాట్లాడుతోంది. నొప్పి ఆగిపోయి, ఇక ఏమీ తెలియకుండా, వేలి చివర తెల్లగా మైనంలా అయితే వెంటనే ఆగండి, గైడుకు చెప్పండి. గాలికి పక్కకు వెళ్లి చంకల్లో పెట్టుకోండి. రుద్దొద్దు, మంచుతో అసలే రుద్దొద్దు, పాతకాలంలో అలా చెప్పేవాళ్లు, అది కండను చీలుస్తుంది. మంట దగ్గర పెట్టొద్దు. నిజంగా గడ్డకట్టిన వేలిని 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో, అంటే చంటిపిల్లకు స్నానం చేయించే గోరువెచ్చటి నీళ్లలో కరిగిస్తారు, అదీ మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి దిగాకే. కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా చేతులు కాళ్లు తిమ్మిర్లు ఉన్నవాళ్లు, మీకు నొప్పి అనే కబురు ఆలస్యంగా వస్తుంది లేదా రాదు, గంటకోసారి వేళ్లు కళ్లతో చూసుకోండి, డాక్టర్‌ను అడిగే బయల్దేరండి. సిగరెట్లు, ఆ వారం అయినా మానండి, అది రక్తనాళాలను బిగిస్తుంది. మందు వేడి చేస్తుంది అంటారు, చర్మం వేడిగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. ఎవరు నవ్వారు? నీకే చెప్తున్నా.

పోయేలోపు చేతులకు అలవాటు చేయాలంటే ఇంకా నెల ఉంది. ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి, సిర్పూర్(యూ) వైపు బంధువులున్నవాళ్లు అదృష్టవంతులు, ఇగం బాగా పెట్టినప్పుడు తెల్లవారుజామున ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. అక్కడ బైకు మీద పోతే గాలి కూడా ఉచితం. లైనరు, ఫ్లీసు, షెల్ వేసుకుని వెనక సీట్లో కూర్చోండి, నడపకండి. ఐదు కిలోమీటర్లకు ఒకసారి షెల్ విప్పి, ఫోను తీసి ఫోటో తీసి, మళ్లీ వేసుకోండి. కళ్లు మూసుకుని కూడా వేసుకోవడం రావాలి, అక్కడ చీకట్లో చేయాల్సింది అదే.

సరే, ఇక బకెట్. అందరికీ ఒకసారి అవుతుంది, తోసుకోవద్దు. లైనరు వేసుకుని, దాని మీద ఈ ప్లాస్టిక్ కవరు తొడుక్కుని చెయ్యి ఐసులో రెండు నిమిషాలు పెట్టాలి. తర్వాత కవరు తీసి, లైనరు తీయకుండా, ఈ బూటు లేసు ముడి వేసి, మైక్రోస్పైక్స్ రబ్బరు బూటుకు ఎక్కించాలి. రెండో విడత వట్టి చేత్తో అదే పని. షుగర్ ఉన్నవాళ్లు, చలికి వేళ్లు తెల్లబడేవాళ్లు చూస్తే చాలు, చెయ్యి పెట్టొద్దు. టైం నేను చూస్తాను. ఇందాక మందు మాటకు నవ్విన బాబూ, నువ్వే ముందు రా.